పితామహుని పిమ్మట బళ్ళారి రంగస్థలము

మా పల్లె అనంతపురము జిల్లాలో మెట్టభూముల నడుమ నున్నది. ఏటికి సగటున రమారమి 550 మిల్లీమీటర్ల వాన. అదియు అదనున కురియదు. వేరుసెనగ పండిన యేడు మా ఊర నాటక ముండెడిది. ఎండిన యేడు ఉండెడిది కాదు.

నా చిన్ననాట మా ఊరివారికి నాటకము నేర్పుచు, తామే ‘పాదుకా పట్టాభిషేకము’న దశరథ వేషము కట్టెడి పెద్ద లొకరుండిరి. రాముడు అడవికి బోవు ఘట్టమున వారు గొంతెత్తి పద్యము చదివినచో, కళ్ళమున గూర్చున్న ఆడువారు కొంగులతో కన్నులు తుడుచుకొనెడివారు. వా రొక వేసవిలో గతించిరి. మఱుసటి పంట చేతికి వచ్చినపుడు వారి శిష్యు డొకడు ఆ వేషము కట్టెను. గురువుగారి శ్రుతి, గురువుగారి రాగము, పద్యము నడుమ వారికి వచ్చెడి చిన్న దగ్గు – దేనిని గూడ అతడు విడువలేదు. నాటకము ముగిసిన తరువాత మా వీథిలోని ముదుసలి యొకతె అతనిని చేరబిలిచి, “గొంతు ఆయప్పదే నాయనా, ఆయప్ప యాడ?” అని యడిగెను. అతడు బదులు చెప్పలేక మొగమున రంగు కడుగుకొనుటకు బోయెను. నా కప్పుడు పండ్రెండేండ్లు.

ఆ ముదుసలి ప్రశ్న నన్ను విడువలేదు. తరువాత నేను భాషాప్రవీణ చదివి, ఉన్నతపాఠశాలలలో ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గైకొంటిని. భారతము పాఠము చెప్పునపుడెల్ల ఆ ప్రశ్నయే వేఱొక రూపమున నా కెదురగుచుండెడిది. నన్నయభట్టు అరణ్యపర్వమును నడుమ విడిచెను. తిక్కన సోమయాజి ఆ శేషమును ముట్టక, విరాటపర్వముతో తన దారిని తాను మొదలిడెను. నడుమ మిగిలిన కొఱతను ఎఱ్ఱన పూరించెను. అది నన్నయ వ్రాసినదే యన్నట్లు రాజరాజనరేంద్రునికే యంకితముగా నడిపి, నన్నయ పోకడతో నారంభించి, మెల్లమెల్లగా తిక్కన పోకడకు జేరెను.

కాబట్టి పెద్ద పోయిన చోట నిలువవలసినవానికి మూడు దారులు కలవు. పెద్దవానివలెనే యుండుట యొకటి. పెద్దవానిని విడిచి వేఱుగా మొదలిడుట యొకటి. పెద్దవాని చేయి పట్టుకొని బయలుదేరి, కొంతదూరము పోయిన పిమ్మట తన కాళ్ళపై తాను నడచుట మూడవది. మూడవది మిక్కిలి కష్టము. మన సీమ నాటక చరిత్రలో ఇట్టి ఘట్ట మొకటి కలదు. దానినే నేడు మీకు మనవి చేసెదను.

ఆ ఘట్టము జరిగిన యూరు బళ్ళారి. అది 1953లో మైసూరు రాష్ట్రమున జేరి, నేడు కర్ణాటకములోనిదై యున్నది. కాని మన అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది బళ్ళారి జిల్లానుండి వేఱుపడియే. అంతవఱకు మన పూర్వులకు జిల్లా కచేరి బళ్ళారియే. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కఱవు ఈ సీమను ఊడ్చిపెట్టినది. గొడ్డు గోద పోయినవి. ఊళ్ళకు ఊళ్ళు పాడువడినవి. ఆ కఱవు గడచి పదియేండ్లు నిండకముందే ఆ బళ్ళారిలోనే తెలుగు నాటకము తలయెత్తినది. ఇది నాకు ఎప్పటికిని ఆశ్చర్యమే.

దానికి కారకులు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు. వారు 1853లో మన ధర్మవరమున జన్మించి, బళ్ళారిలో వకీలుగా నుండిరి. కందుకూరి వీరేశలింగముగారు 1880లోనే రాజమహేంద్రవరమున తెలుగు నాటకమాడించి యుండిరి గాని, ఆ గాలి మన మెట్టకు ఇంకను చేరలేదు. ఇక్కడివారు చూచినవి ధార్వాడ నుండి వచ్చెడి సమాజముల ఆటలు. ఆచార్యులవారు ‘చిత్రనళీయము’ను వ్రాసి, 1887లో బళ్ళారిలో ఆడించిరి. వారి సమాజమునకు సరసవినోదినీ సభ యని పేరు. ఆ సభకు నాటకములు వ్రాసినది వారే. నటులకు నేర్పినది వారే. బాహుకుడు, దశరథుడు మొదలగు ముఖ్యవేషములు కట్టినదియు వారే. రమారమి 30 నాటకములు రచించిరి. జనులు వారిని ఆంధ్ర నాటక పితామహులని పిలిచిరి.

వారు చేసిన పనులలో రెండు ముఖ్యములు. మొదటిది, నాటకములో పద్యముతోపాటు పాటను నిలుపుట. మన పల్లెలలో నాటకమనగానే హార్మోనియము జ్ఞప్తికి వచ్చుటకు వారు వేసిన బాట యొక పెద్ద కారణము. రెండవది, దుఃఖముతో నాటకమును ముగించుట. సంస్కృత నాటకము మంగళాంతము. నాయకుని వధను రంగమున చూపరాదని లాక్షణికుల శాసనము. ఆచార్యులవారు ‘విషాద సారంగధర’లో దానిని దాటిరి. చిత్రాంగి వేసిన నిందను నమ్మి రాజరాజనరేంద్రుడు కన్నకొడుకు కాలుసేతులు నరికించిన కథ మీ రెఱుగనిది కాదు. పూర్వకథలో సిద్ధుడు వచ్చి తెగిన యవయవములను మరల మొలిపించును. ఆచార్యులవారు విషాదమునే ఫలముగా నిలిపిరి. తెలుగున తొలి విషాదాంత నాటకమని దానికి ప్రసిద్ధి.

నాకు చదువు చెప్పిన గురువులు దానిని దోషముగా నెంచెడివారు. నేనును చాలకాలము అట్లే నమ్మితిని. కాని భాసుని ‘ఊరుభంగము’న దుర్యోధనుడు రంగము మీదనే ప్రాణములు విడుచును. ఆ నాటకము తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారి పరిష్కరణమున అచ్చుపడినది 1912లో. ఆచార్యులవారు స్వర్గస్థులైనదియు 1912లోనే. తాము శాస్త్రమును దాటితిమని తలచినచోట భాసుడు ముందే నడచి యుండెను.

బళ్ళారిలో ఆచార్యులవారికి ఎదురుగా కోలాచలము శ్రీనివాసరావుగా రుండిరి. వారును వకీలే, వారిది సుమనోరమ సభ. ఆచార్యులవారు పురాణకథల వైపు, శ్రీనివాసరావుగారు చరిత్రకథల వైపు మొగ్గిరి. విజయనగర పతనమును గూర్చిన ‘రామరాజు చరిత్ర’ శ్రీనివాసరావుగారిదే. ఒక్క యూర రెండు సభలు పోటీపడుటచే రెండును బాగుపడినవి.

ఇట్లుండగా 1912లో ఆచార్యులవారు గతించిరి. సభకు నాటకకర్తయు, శిక్షకుడును, నాయక నటుడును ఒక్కనాడే పోయిరి. మూడు పనులు ఒక్కరే చేసిన యింట ఒక్క చావు మూడు చావులతో సమానము. నాటకముల ప్రతులు మిగిలినవి, పాటల వరుసలు మిగిలినవి, నేర్చిన నటులు మిగిలిరి. పెద్ద లేరు.

ఆ చోట నిలిచినవారు వారి మేనల్లుడు, లోకము బళ్ళారి రాఘవ యని పిలుచు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగష్టు 2న తాడిపత్రిలో జన్మించిరి. మేనమామగారు పోవునప్పటికి ముప్పదిరెండేండ్లవారు. మదరాసులో న్యాయశాస్త్రము చదివి, మేనమామవలెనే వకీలైరి. చిన్ననాటినుండి మేనమామ నాటకములను చూచుచు, అందు వేషములు కట్టుచు పెరిగిరి. ఆచార్యులవారి గొంతును, చేతి విసురును అచ్చముగా తెచ్చుట వారికి కష్టమా? అట్లు చేసియుండినచో జనులు మెచ్చియుందురు. వారి మేనమామగారిని మెచ్చియుందురు.

రాఘవ అట్లు చేయలేదు. మేనమామ నాటకమునకు తెచ్చిన పెద్ద కానుక సంగీతము. రాఘవ విరోధించినది సరిగా ఆ సంగీతమునే. సంగీతమును గాదు, దాని అతిని. పద్యమునకు ముందొక ఆలాపన, పద్యము తుదనొక ఆలాపన, జనులు ‘ఒన్స్ మోర్’ అనగానే చచ్చిన దశరథుడు లేచి మరల పాడుట – ఇది నాటకము కాదని వారి మతము. పద్యమును భావము చెడకుండ, మనుష్యుడు మాటాడునట్లు చదువవలెననిరి. గొంతునకంటె కన్నులకును, మౌనమునకును ఎక్కువ పని కల్పించిరి. షేక్స్పియరు నాటకములను ఇంగ్లీషున నాడి షైలాకు, ఒథెల్లో వేషములు కట్టిరి. ఎదురు సభ పెద్దయైన శ్రీనివాసరావుగారి ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం వేషముతో దేశమంతట పేరుపొందిరి. మేనమామ సభ, పరసభ యను గీత వారికి లేకపోయెను. రవీంద్రనాథ ఠాకూరు 1919లో బెంగుళూరున వారి నటనను చూచి మెచ్చిరి. 1928లో రాఘవ సీమకు బోయి బెర్నార్డు షాను కలిసిరి.

మఱియొక పని అంతకంటె సాహసమైనది. మగవారు మీసము తీసి ఆడువేషము కట్టుట అంతవఱకు ఆచారము. స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనని రాఘవ పట్టుపట్టిరి. కొమ్మూరి పద్మావతీదేవివంటి కుటుంబస్త్రీలు వారితో రంగమెక్కిరి. తరువాతి కాలమున మదరాసు ప్రధాన న్యాయమూర్తియైన పి. వి. రాజమన్నారుగారు వ్రాసిన ‘తప్పెవరిది’వంటి సాంఘిక నాటకములను వారు ఆడిరి. రాజులు, రాక్షసులు పోయి, మన యింటి మనుష్యులు రంగము మీదికి వచ్చిరి.

అయినను మేనమామకు ఎదురు తిరిగిరని నేననను. దుఃఖమును దుఃఖముగా చూపవలెనని తెలుగు రంగమునకు నేర్పినది మేనమామగారే గదా! ‘విషాద సారంగధర’ వ్రాసినవారి మేనల్లుడు ఆ దుఃఖమునకు అడ్డమువచ్చు రాగమును తొలగించెను. మేనమామ మొదలిడిన వాక్యమును మేనల్లుడు పూర్తిచేసెను. చూచువారికి మాత్రము మొదట అది తిరుగుబాటువలె కనబడినది.

ఈ ఉపన్యాసము వ్రాసుకొనుచుండగా మా మనుమడు నా ప్రక్కన గూర్చుండి, “తాతా, ఇది మా పింక్ ఫ్లాయిడ్ కథవలెనే యున్నది” అనెను. అదేమనగా చెప్పినాడు. లండనులో 1965లో నలుగురు యువకులు పింక్ ఫ్లాయిడ్ అను పాటల మేళము కట్టిరి. స్వప్నములో దృశ్యములు చెదరినట్లుండు నొక వింత సంగీతము వారిది. పాటలు కట్టువాడును, పాడువాడును, ముందు నిలుచువాడును సిడ్ బారెట్ అనువాడు. 1967లో వెలువడిన వారి తొలి పాటల సంపుటి దాదాపు అతని చేతిదే. పిదప అతనికి మనస్సు స్వాధీనము తప్పినది. 1968లో మేళము అతనిని విడువవలసి వచ్చినది. అతని చోటికి అతని స్నేహితుడైన డేవిడ్ గిల్మర్ వచ్చెను. ఆ యేటి జూనులో వెలువడిన రెండవ సంపుటి పేరు ‘ఎ సాసర్ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’. మన మాటలో సాసరెడు రహస్యములు.

మనుమడు దానిని నాకు వినిపించెను. నా చెవికి అది పెద్ద సుఖము గాలేదని ఒప్పుకొనుచున్నాను. కాని అందలి సంగతి తెలిసినది. కొన్ని పాటలలో మిగిలినవారు పోయినవాని పోకడను పట్టుకొని యున్నారు. నడుమ ఒకటి, మాటలు లేని వాద్యసంగీతము, పండ్రెండు నిమిషములకు దగ్గఱగా సాగును. అది అతని పోకడ కాదు, వారి సొంతము. సంపుటి తుదిపాట మాత్రము వెడలిపోయిన బారెట్‌దే. పాత పెద్ద గొంతుతోనే ముగించి, క్రొత్త దారిని నడుమ తెఱచిపెట్టిరి. ఆ దారిననే నడచి 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అను సంపుటితో లోకప్రసిద్ధులైరి. బారెట్‌ను మఱవక, 1975లో అతనిని తలచుకొనుచు వేఱొక సంపుటి చేసిరి. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమునకును దీనికిని ఉన్న పోలిక చూచి నేను ఆశ్చర్యపడితిని.

ఈ మార్పులో నష్టము లేకపోలేదు. రాఘవ చూపిన నటనను పట్టణములు మెచ్చినవి గాని, పల్లెలు పాటను వదలలేదు. నటన నటునితో పోవును. పాట నోట మిగులును. 1946 ఏప్రిల్ 16న రాఘవ గతించిరి. వారి కన్నుల మౌనమును ఏ కళ్ళమున మనము దాచుకొనగలము? మన పల్లెలో పద్యనాటకము ఇన్నాళ్ళు బ్రదికినది హార్మోనియము పుణ్యమున. కాబట్టి మేనమామ తప్పనియు, మేనల్లుడు ఒప్పనియు నేను తీర్పు చెప్పను. ఇద్దఱును మన నీళ్ళులేని నేలపై పుట్టినవారే.

తుదకు నా తప్పు నొకదానిని ఒప్పుకొని విరమించెదను. నేను పనిచేసిన ఒకానొక పాఠశాల వార్షికోత్సవమున పిల్లలచేత ‘పాదుకా పట్టాభిషేకము’ ఘట్టమును ఆడించితిని. దశరథ వేషధారియైన బాలుడు పద్యమును రాగము లేక, మెల్లగా, గొంతు వణకగా చదివెను. నేను కోపపడి, మా ఊరి పెద్దల బాణీని పాడి వినిపించి, అట్లే రావలెనంటిని. వాడు మూడు దినములు ప్రయత్నించి, నాలుగవనాడు వేషము మానుకొనెను. ఆ సంవత్సరము వాని తండ్రి అప్పులపాలై ఊరు విడిచి వలసపోయి యుండెనని తరువాత తెలిసినది. కొడుకును పోగొట్టుకొన్న తండ్రి దుఃఖము వానికి తండ్రిని పోగొట్టుకొన్న కొడుకు దుఃఖముగా తెలిసియుండెను. వాడు చదివినదే సరియైన చదువు. నేను వాని నోటినుండి దానిని లాగివేసితిని.

అయ్యలారా! ఈ యేడు వానలు పడి వేరుసెనగ చేతికి వచ్చినచో మీ ఊళ్ళలో నాటకములు కట్టుదురు. పిల్లలకు పాత పెద్దల బాణీని తప్పక నేర్పుడు. అది నేర్చిన తరువాత ఎవడైన తన గొంతుతో చదువబోయినచో, ఒక్క పద్యము ముగియువఱకు ఓపికతో వినుడు.