మునిగే చెక్కకు తేలికని పేరు

ఆదోనిలో అంగడికి పోయి ఊదుకడ్డీలు ఇయ్యమంటే షావుకారు అందించే ప్యాకెట్టు మీద 'అగరుబత్తి' అని అచ్చయి ఉంటుంది. అడిగింది ఒక పేరు, వచ్చింది ఒక పేరు. చిత్రమేమంటే ఆ రెండూ ఒకే చెట్టు పేర్లు. 'ఊద్' అరబ్బీ మాట. దానికి కట్టె అని అర్థం, అగరు కట్టెకు అదే పేరుగా నిలిచిపోయింది. 'అగరు' సంస్కృతం దారిన వచ్చింది. ఒక చిన్న ప్యాకెట్టు మీద రెండు మహా భాషలు కలిశాయి గానీ, ఆ చెట్టు మాత్రం లోపల పొట్టంత కూడా లేదు. వెదురు పుల్ల, బొగ్గు పొడి, రంపపు పొట్టు, జిగురు బెరడు పొడి, పైన సెంటు. ఉన్నది అంతే.

ఈ పేర్ల వెంట పోతే ఇంకా పెద్ద వింత ఎదురవుతుంది. నిఘంటుకారులు అగురు పదాన్ని 'గురువు కానిది', అంటే బరువు లేనిది అని విడదీశారు. చైనావాళ్లు అదే చెక్కను 'చెన్ షియాంగ్' అన్నారు. మునిగే పరిమళం అని దాని అర్థం. ఒకరు తేలిక అన్నదాన్ని ఇంకొకరు మునిగేది అన్నారు.

ఇద్దరిదీ నిజమే. అగరు చెట్టు మామూలు చెక్క తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. నీళ్లలో వేస్తే తేలుతుంది, వాసన ఉండదు. కొమ్మ విరిగినా, పురుగు తొలిచినా, ఆ గాయంలో బూజు చేరినా చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఆ చోట నల్లటి జిగురు ఊరిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు చెక్కలో ఇంకి చిక్కబడుతుంది. బాగా పట్టిన ముక్క రాయిలా నీళ్ల అడుక్కి పోతుంది. జబ్బు పడని చెట్టు వంటచెరకుతో సమానం.

వీధిబడి పిల్లలు వల్లెవేసిన అమరకోశంలో ఈ సంగతంతా పేర్ల రూపంలో దాగి ఉంది. అగురుకు అమరసింహుడిచ్చిన పర్యాయపదాల్లో 'లోహం' ఒకటి, 'కృమిజం' ఒకటి, 'రాజార్హం' ఒకటి. ఇనుములాంటిది, పురుగు వల్ల పుట్టింది, రాజులకు తగినది. బరువు లేనిదన్న పేరు పక్కనే లోహమన్న పేరు! చెట్టు గాయానికీ పరిమళానికీ ఉన్న సంబంధాన్ని ఒక్క మాటలో పట్టుకున్న ఆ పాతకాలపు చూపుకు దండం పెట్టాలి.

అయితే 'గురువు కానిది' అన్న వివరణ తర్వాత అతికించింది కావచ్చు. ద్రావిడ భాషల్లోని 'అకిల్', 'అగిల్' అనే మాటే సంస్కృతంలోకి వెళ్లి అగురు అయిందని భాషా శాస్త్రజ్ఞులు కొందరంటారు. పడమటి తీరంలో దిగిన పోర్చుగీసువారి చెవిన అది 'ఆగిలా' అని పడింది. వాళ్ల భాషలో ఆ మాటకు దగ్గరగా వినిపించేది గద్ద. దాంతో యూరప్‌లో అది 'గద్ద చెక్క' అయి కూర్చుంది. వృక్ష శాస్త్రజ్ఞులు కూడా ఆ చెట్ల జాతికి లాటిన్‌లో గద్దను గుర్తుచేసే 'ఎక్విలేరియా' అన్న పేరే పెట్టారు. ఆ చెట్టుకూ గద్దకూ ఏ బంధుత్వమూ లేదు.

మనం మాటను దాచుకుంటే చైనావాళ్లు చెక్కనే దాచుకున్నారు. పదకొండో శతాబ్దంలో పదవి పోయి దక్షిణ కొసకు ప్రవాసం వెళ్లిన డింగ్ వేయ్ అనే మంత్రి, హైనాన్ దీవి అగరు మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. దాన్ని నాలుగు పేర్లుగా, పన్నెండు రూపాలుగా విడదీశాడు. ఛింగ్ చక్రవర్తుల కొలువులో అధికారులు 108 పూసల దండలు మెడలో వేసుకునేవారు. బంగారంతో 'దీర్ఘాయువు' అక్షరాన్ని పొదిగిన అగరు పూసల చేతిదండలు బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉన్నాయి. హాంకాంగ్ అంటేనే పరిమళాల రేవు. ఒకప్పుడు అక్కడి నుంచి పడవలెక్కిన అగరు వల్లే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట.

పూస చేయడం ఎందుకంత ఖరీదో తెలియాలంటే ముడి చెక్కను చూడాలి. జిగురు చెక్క అంతటా పట్టదు, చారలు చారలుగా పాకుతుంది. ధూపానికైతే పెచ్చులు చాలు. గుండ్రటి పూసకు నిండా జిగురు పట్టిన గట్టి ముక్క కావాలి, అందులోనూ చిత్రిక పట్టేటప్పుడు చాలా భాగం పొడిగా రాలిపోతుంది. అందుకే పాత పూసల దండను అక్కడివాళ్లు నగలా చూస్తారు. చెమట చేతులతో తాకరు, మెత్తటి గుడ్డతో రుద్దుతారు. ఏళ్ల తరబడి చేతుల్లో తిరిగి పూస మీద వచ్చే లోతైన నునుపుకు వాళ్ల భాషలో వేరే పేరే ఉంది. మంచి పూసను కాల్చనక్కర్లేదు. అరచేతి వేడి చాలు, వాసన నెమ్మదిగా విచ్చుకుంటుంది.

ఈ పరీక్ష కౌటిల్యుడికి తెలుసు. మంచి అగరు బరువుగా, జిడ్డుగా ఉండాలని, వాసన దూరం పాకాలని, పొగ ఎగసిపడకుండా నిదానంగా కాలాలని, రుద్దినా వాసన పోకూడదని అర్థశాస్త్రంలో రాశాడు. సముద్రం అవతలి నుంచి వచ్చే అగరును వేరే రకంగా లెక్కగట్టాడు. ఇవాళ పూసలు కొనేవాడు చూసేదీ ఇంచుమించు ఇవే.

మరి తెలుగువాళ్ల చేతికి ఈ సరుకులు ఎలా అందాయి? ఇక్కడ కొండవీటి రెడ్డిరాజుల దగ్గర కాసేపు ఆగకుండా ముందుకు పోవడం కుదరదు. వాళ్లకన్నా ముందే, 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును ఇకపై రాజు లాక్కోడని మాట ఇచ్చాడు. అందులోని సుంకాల పట్టీలో చందనం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. కర్పూరం రెండు రకాలుగా ఉంది. ఒకటి దేశవాళీ, రెండోది చీని కర్పూరం. చైనా సుగంధానికి తెలుగు రేవులో సుంకం విధించిన రాతి సాక్ష్యం అది. 1358లో అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ హామీలిచ్చాడు.

ఆ రెడ్డిరాజుల్లో కుమారగిరి సుగంధాలతోనే చరిత్రకెక్కాడు. ఏటా జరిపే వసంతోత్సవంలో కర్పూరం వెదజల్లించి 'కర్పూర వసంతరాయలు' అన్న బిరుదు తెచ్చుకున్నాడు. కొలువులో నర్తకి లకుమ. నాట్యం మీద రాజు రాసిన 'వసంతరాజీయం' ఈనాడు దొరకదు. ఆ ఉత్సవానికి సరుకు తెచ్చినవాడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చింది ఆయనకే. ఒక రాజుకు కాదు, సుగంధాల వ్యాపారికి! తిప్పయ్యసెట్టి ఓడలు ఎక్కడెక్కడి నుంచి ఏమేమి తెచ్చేవో కవి అందులో వరుసగా చెప్పాడు. పంజారం నుంచి కర్పూరం, సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, గోవా నుంచి సంకుమదం, చైనా నుంచి పట్టు. కొండవీటి కుమారగిరికి, విజయనగర హరిహరరాయలకు, బహమనీ ఫిరోజ్‌షాకు, గజపతికి కూడా ఆయన సరఫరా చేశాడు. ఒకరితో ఒకరు కత్తులు దూసుకున్న రాజులంతా ఒకే సెట్టి దగ్గర పరిమళం కొన్నారు.

ఆదోని అప్పుడు విజయనగరం ఏలుబడిలోది. 1516 ప్రాంతంలో రాసిన పోర్చుగీసు డువార్తె బర్బోసా ఆ రాజధాని జనం చందనం, అగరు, కర్పూరం, కస్తూరి, కుంకుమపువ్వు మెత్తగా నూరి పన్నీటితో కలిపి ఒంటికి పూసుకునేవారని చెప్పాడు. తుంగభద్ర తీరాన అగరు పూత అంత మామూలు. సుగంధ ద్రవ్యాలు ఎక్కువ తక్కువలు తెలిసి కలిపే చేతులు, ముక్కుతోనే నాణ్యం తేల్చే వ్యాపారులు ఉండి ఉంటేనే అది సాధ్యం. తర్వాతి కాలంలో మన చేతి నుంచి పోయింది ఒక్క చెక్క కాదు, ఆ ముక్కు. ఈ నష్టాన్ని మన చరిత్ర పుస్తకాలు లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

1565 తర్వాత ఆదోని బీజాపూరు చేతికి పోయింది. ఆ తర్వాతి శతాబ్దంలో కోటను ఏలిన సిద్ది మసూద్‌ఖాన్ పేరు ఇక్కడ ఇప్పటికీ అందరికీ తెలుసు. ఊళ్లోని జామియా మసీదు ఆయనదే. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం ఇచ్చిందీ ఆయనేనని చెబుతారు. ఆ మంచాలే మంత్రాలయం. స్వామి 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేశారు. ఇవాళ ఎమ్మిగనూరు దాటి అక్కడికి పోతే అంగళ్లలో తావళాలు తోరణాల్లా వేలాడుతుంటాయి. మాధ్వులకు తులసి పూస, వీరశైవులకు రుద్రాక్ష, ఆదోని మసీదుల్లో తస్బీహ్. చిప్పగిరిలో విజయదాసు సంప్రదాయం వారి మెడలోనూ తులసే. పూస లేని మతం ఈ గడ్డమీద లేదు. కానీ మన పూస భక్తికే పరిమితమైంది. చెక్క వయసు, జిగురు, వాసన చూసి మురిసే అలవాటు మనకు పూసల్లో నిలవలేదు.

అగరు ధూపానికి ఒక్క చుట్టం మాత్రం ఇళ్లలో మిగిలింది. బాలింతకూ బిడ్డకూ తలస్నానం తర్వాత జుట్టుకు సాంబ్రాణి పొగ వేస్తారు. కావ్యాల్లో నాయికల కురులకు అగరు పొగ వేసిన అలవాటుకు అది పేదింటి రూపం. సుమత్రా సాంబ్రాణిని అరబ్బులు 'లుబాన్ జావీ' అన్నారు. ఆ మాట యూరప్‌లో అరిగి అరిగి 'బెంజాయిన్' అయింది, దాన్నుంచి రసాయన శాస్త్రంలోని 'బెంజీన్' పుట్టింది.

అడవి అగరు ఇప్పుడు అపాయంలో ఉంది. ఏ చెట్టులో జిగురుందో పైకి తెలియదు కాబట్టి, ఒక్కదాని కోసం పది నరికారు. 1995లో ఒక రకాన్ని, 2004లో ఈ జాతి చెట్లన్నిటినీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చారు. అస్సాం, త్రిపురల్లో తోటలుగా పెంచుతున్నారు. బజారులో చవగ్గా దొరికే నల్లటి 'అగరు పూసలు' ఎక్కువగా నూనెలో నానబెట్టినవో, రంగు వేసి అదిమినవో. మరి మన అగరుబత్తి పుల్ల? అది చాలాకాలం చైనా, వియత్నాంల నుంచే దిగుమతయ్యేది. 2020లో కేంద్రం దాని మీద సుంకాన్ని 10 నుంచి 25 శాతానికి పెంచింది. మోటుపల్లిలో చీని కర్పూరానికి సుంకం విధించిన దేశం, ఎనిమిది వందల ఏళ్లకు దగ్గర పడుతుండగా వెదురు పుల్లకు విధించింది.

పెద్దల పెట్టెలో పాత తావళం ఏదైనా దొరికితే దాన్ని సబ్బుతో కడగకండి, నూనె పూయకండి, వార్నిష్ వేయించకండి. ముందు గుప్పిట్లో పట్టుకుని కాస్త వెచ్చబడనిచ్చి వాసన చూడండి. అది తులసి కావచ్చు, చందనం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఎవరు జపించినదో, ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంట్లో తెలిసినవాళ్లు ఉండగానే అడిగి, ఒక చీటీ మీద రాసి దానితోపాటే పెట్టండి.