పదా? ఇరవయ్యా?

ఉప్పల్‌లో ఆఫీసు ఉన్నవాళ్ళకి ఈ సీను కొత్తేం కాదు. రోడ్డుకి ఇటుపక్క అద్దాల బిల్డింగు, అటుపక్క రేకుల షెడ్డు. మనం ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని టీకి బయటికొస్తాం. షెడ్డు ముందు ఒకాయన చెప్పులేసుకుని గేటుకి వెల్డింగు చేస్తుంటాడు.

మొన్న నాచారంలో అలాంటి ఒకాయనతో మాట కలిపాను. "అన్నా, ఆ నల్లద్దాలు ఓనర్ ఇచ్చిండా?" అంటే నవ్వాడు. "ఓనర్ యాడిస్తడు సార్, నేనే కొనుక్కున్న." ఎంతమంది ఉంటారని అడిగితే "పద్నాలుగు మందిమి" అన్నాడు.

ఆ పద్నాలుగు దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఎందుకో చెప్తాను.

చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ అంటే మిషన్లుంటే చాలదు, తలల లెక్క కూడా కుదరాలి. బ్రిటిష్ ఇండియాలో 1881లో మొదటి ఫ్యాక్టరీల చట్టం వచ్చినప్పుడు, యంత్రశక్తి వాడేచోట 100 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. 99 అయితే కాదు. 1891లో దాన్ని 50 చేశారు. 1922లో 20. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో 10. చెయ్యి లాగేసుకునే మిషను చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టదు కదా! ఈ చిన్న విషయం అక్కడిదాకా ఒప్పుకోడానికి 67 ఏళ్ళు పట్టిందన్నమాట.

1948 చట్టం తీరిగ్గా చదివితే ఆశ్చర్యమేస్తుంది. 21వ సెక్షన్: తిరిగే భాగాలకి కంచె ఉండాలి. 35: ఎగిరే రవ్వలతో, మిరుమిట్ల వెలుగుతో కళ్ళకి ప్రమాదమున్న పనులకి అద్దాలో అడ్డుతెరో ఇవ్వాలి. 36: విషవాయువులుండే ట్యాంకులోకి మనిషిని దింపాలంటే లోపలి గాలి పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా అతనికి ఊపిరి పరికరం, బెల్టూ, తాడూ ఉండాలి. ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డవాడి చేతిలో ఉండాలి. 114: ఇలా ఇచ్చినవాటికి కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 1984లో భోపాల్ జరిగాక, 1987 సవరణతో ప్రమాదకర పనుల గురించి కార్మికుడికి తెలుసుకునే హక్కు కూడా చేరింది.

సరే, ఇప్పటి సంగతి. 2020 సెప్టెంబరులో పార్లమెంటు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ని ఆమోదించింది. 2025 నవంబరు 21న అది అమల్లోకొచ్చింది. అందులో కరెంటు వాడేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే 20 మంది కావాలి. అంటే మళ్ళీ 1922 నాటి అంకె! కరెంటు వాడకపోతే 20 కాస్తా 40 అయింది.

న్యాయంగా రెండోవైపూ చెప్పాలి. కొత్త కోడ్‌లో 10 మంది ఉన్న ఏ సంస్థకైనా, మన ఆఫీసులతో సహా, భద్రత విషయంలో సాధారణ బాధ్యతలున్నాయి. దానికయ్యే ఖర్చు ఉద్యోగి మీద వెయ్యకూడదనీ ఉంది. కానీ ఫ్యాక్టరీ ప్లానుకి అనుమతి, లైసెన్సు లాంటివి ఫ్యాక్టరీలకే. ఆ పద్నాలుగు మంది షెడ్డు ఇప్పుడు సంస్థే గానీ ఫ్యాక్టరీ కాదు.

చిత్రమేమిటంటే, అదే 2020 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం గ్రిడ్ పాలసీ తెచ్చింది. ఉప్పల్, నాచారం లాంటి పాత పారిశ్రామికవాడల్లో ఫ్యాక్టరీ స్థలాల్ని ఐటీ పార్కులుగా మార్చుకోడానికి దారి ఇచ్చింది. షెడ్లు పోయి మనమొస్తున్నాం. మన బిల్డింగు గ్రిల్స్ వెల్డింగు చేసేది మాత్రం ఆ మిగిలిన షెడ్లవాళ్ళే.

అంకె 10 ఉన్నన్నాళ్ళూ ఓనర్ ఇవ్వని అద్దాలు 20 అయ్యాక ఇస్తాడా?

మన కుర్చీ నడుముకి సరిపడలేదని ఫెసిలిటీస్ వాళ్ళకి టికెట్ పెడతాం. పక్క క్యూబికల్లో డ్రిల్లింగు చేస్తున్నవాడి కళ్ళకి అద్దాలు లేవని ఎప్పుడైనా పెట్టామా? నేనైతే పెట్టలేదు. ఈసారి పెడతాను.