వన్స్‌మోర్ లేని కాటి సీను

ఏనుగు మీద నిలబడి బలమైనవాడొకడు రత్నాన్ని పైకి విసిరితే అది ఎంత ఎత్తుకు పోతుందో, అంత ఎత్తు ధనరాశి. యాగానికి ఇస్తానని హరిశ్చంద్రుడు విశ్వామిత్రుడికి ఇచ్చిన మాట అది. మాట ఇచ్చిన రోజున ఇవ్వగల స్తోమత ఉంది. తరవాత విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యల్ని పెళ్ళాడనన్నందుకు రాజ్యమే ధారపోయవలసి వచ్చింది. రాజ్యం పోయింది, బాకీ మాత్రం పోలేదు. వసూలుకు విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు వెంటబడ్డాడు. ఎండలో, అడవిలో, కాలు బొబ్బలెక్కిన పసివాడి పక్కన నడుస్తూ గడువు గుర్తు చేస్తూనే ఉన్నాడు.

నందిగామ, జగ్గయ్యపేట మెట్టన ఈ కథ ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు రాకముందు ఇక్కడి సేద్యమంతా ఆకాశం వైపు చూసేదే. జొన్న, పెసర, మిరప, పత్తి. మున్నేరు, వైరా, కట్టలేరు వానాకాలం ఒడ్డులు కోసి, వేసవికి ఇసుకై మిగిలేవి. పంట పోయిన ఏడు ప్రోనోటు తిరగరాయడం, గడువు దాటితే జప్తు, జప్తు తరవాత వేలం. ఇంటి ముందు దండోరా వినబడితే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. అలాంటి ఊళ్ళలో రాత్రి రెండు గంటలప్పుడు పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో ఒక రాజు కాశీ వీధిలో నిలబడి, కట్టుకున్న దాన్ని వేలానికి పెట్టేవాడు. వీరులపాడు చుట్టుపక్కల పెద్దవాళ్ళను ఇవాళ ఏ నాటకం గుర్తుందని అడిగినా, మనకు వినపడేది మొదట ఆ వేలమే.

వాళ్ళు చెప్పేది కథలా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పంట ఇంటికి చేరాక శ్రీరామనవమి పందిరిలోనో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళలోనో నాటకం. జుజ్జూరు నుంచీ అల్లూరు నుంచీ పొన్నవరం నుంచీ బండ్లు. ముందు వచ్చినవాళ్ళు ఈతచాపలు పరిచి చోటు పట్టుకోవడం. పదింటికన్న నాటకానికి పదకొండు దాటితే గాని తెర లేవకపోవడం. తెర వెనక హార్మోనియం శ్రుతి పట్టగానే పిల్లలతో సహా అందరూ ఒక్కసారి నోరు కట్టేసుకోవడం. తరవాత తెల్లవారేదాకా మధ్యలో లేచినవాళ్ళు ఎంతమందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చంటారు.

బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ఈ నాటకాన్ని 1912లో రాశారు. ఆయన రచయితగానే ఆగలేదు. నక్షత్రకుడి వేషం తానే కట్టి, తాను రాసిన రాజును రంగస్థలం మీద తానే వేధించారు. పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో చెప్పిన కథే అయినా, వీధిలో నిలబెట్టి జనం చెవిలో వేసింది మాత్రం ఈ నాటకమే. బలిజేపల్లికి మనిషి కష్టంలో ఉన్నప్పుడు ఎలా మాట్లాడతాడో తెలుసు. ఆయన పద్యం పాడటానికి ఎంత వీలుగా ఉంటుందో, మాటగా పలకడానికీ అంతే వీలుగా ఉంటుంది. చదువు రాని శ్రోతకు కూడా ఒక్క ముక్క జారిపోకుండా అందింది అందుకే.

ఆ నాటకం వచ్చిన మరుసటి ఏడే, 1913లో, ఇదే రాజు కథతో ఫాల్కే బొంబాయిలో ‘రాజా హరిశ్చంద్ర’ తీశారు. మన దేశపు తొలి కథాచిత్రం అది. మాట లేని బొమ్మ. ఆ తర్వాత కొన్నాళ్ళకు రాజమండ్రిలో ఒక పడుచు కవి మూకీ బొమ్మల పక్కన నిలబడి కథా సంభాషణా చదివే పనిలో కుదిరాడు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ఆయన. బొమ్మకు గొంతు అరువిచ్చి పొట్టపోసుకున్న ఆ కవి ‘శ్మశానవాటి’ పద్యాలే తరవాత బలిజేపల్లి నాటకంలోకి వచ్చి కాటి సీనులో కూర్చున్నాయి. ఇప్పుడు వాటిని విడదీసి చూడటం మామూలు శ్రోతకు సాధ్యం కాదు. హరిశ్చంద్రుడి నోట వినీ వినీ అవి బలిజేపల్లివే అనుకునేవాళ్ళు నేటికీ ఉన్నారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆనాటి పందిట్లో ఎవరు ఎక్కడ కూర్చునేవారో ఊరికి తెలుసు. ముందు చాపలు ఎవరివో, వెనక నేల మీద గోనెపట్టాలు ఎవరివో, ఆ వెనక చీకట్లో నిలబడి చూసేది ఎవరో ఎవరూ చెప్పకుండానే తేలిపోయేది. ఆ పందిట్లో సూర్యవంశపు రాజు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయి, గొంగళి కప్పుకుని, కర్ర పట్టుకుని కాటికి కాపలా వచ్చేవాడు. వచ్చి, అంటరాని ఇంట పుట్టిన కవి రాసిన పద్యం ఎత్తుకునేవాడు. కవీ రాజూ చిత్రకారుడూ పసిపాపా ఆ మట్టిలో ఒక్కటైన సంగతి చెప్పేవాడు. ముందు చాపల మీద కూర్చున్నవాళ్ళు వన్స్‌మోర్ అని అరిచేవారు. వెనక చీకట్లో నిలబడ్డవాళ్ళూ అదే అరుపు అరిచేవారు. తెల్లారాక ఎవరి వాడకు వాళ్ళు పోయారు, నిజమే. కాని ఊరంతా ఒక్క గొంతుతో అరిచిన మాట ఆ ఒక్కటే అయి ఉంటుందని నా నమ్మకం.

పద్య నాటకం ఎలా పడిపోయిందని అడిగితే సినిమా అని అందరూ ఒక్కమాటగా అంటారు. కొంత నిజమే. 1932లో ‘భక్త ప్రహ్లాద’ మాట్లాడగానే గొంతున్న నటులంతా అటు నడిచారు. వేమూరి గగ్గయ్య, సి.ఎస్.ఆర్., ఈలపాట రఘురామయ్య, పువ్వుల సూరిబాబు అందరూ రంగస్థలం పెంచి ఇచ్చినవాళ్ళే. 1935లో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడుగా, కన్నాంబ అతని భార్య చంద్రమతిగా ఈ కథే టాకీ అయింది. అయినా మా మెట్టన నాటకం చావలేదు. సినిమా హాలున్న పట్నానికి బండి కట్టాలి. నాటకమైతే గుమ్మం ముందుకు వచ్చేది. టాకీలు వచ్చిన తర్వాత కూడా దశాబ్దాల పాటు పందిళ్ళు నిండుతూనే ఉన్నాయి. దెబ్బ లోపలి నుంచి తగిలిందనే నేననుకుంటాను. ఆ దెబ్బ పేరు కాంట్రాక్టు నాటకం.

వెనకటి సమాజాలలో నటులు కలిసి బతికేవారు. కలిసి రిహార్సల్ వేసేవారు. కాంట్రాక్టరు వచ్చాక పేరున్న నటులను నాలుగు ఊళ్ళ నుంచి పిలిపించి, ఆ సాయంత్రమే ఒకరికొకరిని చూపించి, రాత్రికి తెర ఎత్తించడం మొదలైంది. పాత్ర ఒకటే, నటులు ఇద్దరు. వారణాసి సీనుకు ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు మరొకడు. వాల్‌పోస్టరు మీద ఇద్దరి పేర్లూ పెద్ద అక్షరాలతో ఉంటాయి. జనం పోటీ చూడటానికి వస్తారు.

చెరుపంతా అక్కడే జరిగింది. హరిశ్చంద్రుడి కథ పతనం కథ. పతనం కళ్ళకు కట్టాలంటే పడేవాడు మొదటి నుంచీ ఒక్కడే కావాలి. అయోధ్యలో సింహాసనం మీద నిండుగా మోగిన గొంతే అడవి దారిలో దప్పికతో ఎండాలి. వారణాసిలో భార్య వెల చెప్పేటప్పుడు ఆ గొంతే పూడుకుపోవాలి. కాటికి వచ్చేసరికి ఆ గొంతులో ఏడుపు కూడా ఇంకిపోయి, ఎవరి పిల్లవాడైనా సరే సుంకం కట్టమనే కాపరి గొంతు మిగలాలి. అప్పుడే పాము కరిచిన కొడుకును మోసుకొచ్చిన ఆడదాన్ని ఆ కాపరి నిలదీస్తుంటే మన గుండె పిండేస్తుంది. ఆమె మెడలో తాళి భర్త కంటికి తప్ప ఎవరికీ కనపడదు. ఆ తాళిని అతను చూశాడంటే ఆమె ఎవరో అతనికి తెలిసిపోయినట్టే. భార్యను అమ్మినవాడొకడు, తాళిని చూసినవాడు ఇంకొకడు అయితే ఆ చూపుకు బరువెక్కడిది? కొత్తగా వచ్చిన నటుడు రంగు చెదరకుండా, గొంతు అలవకుండా, ఇప్పుడే నిద్ర లేచినవాడిలా కాటిలోకి దిగేవాడు. పద్యం అద్భుతంగా పాడేవాడు. కాని పడిపోయినవాడు అతను కాదు.

తరవాత రాగం పెరిగింది. నాలుగు పాదాల పద్యానికి నిమిషాల తరబడి ఆలాపన. గొంతు ఎంత పైకి వెళితే అంత చప్పట్లు. ఆపైన చదివింపులు. కాళ్ళ దగ్గర కొడుకు లోహితాస్యుడి శవం పెట్టుకుని తండ్రి ఏడుస్తుంటే మైకు మధ్యలో పలికేది, ఫలానావారు హరిశ్చంద్ర పాత్రధారికి ఇంత బహూకరించారని. ఆ తండ్రి ఏడుపు ఆపి, చేతులు జోడించి, గొంగళికి గుచ్చిన నోటుకు నమస్కారం పెట్టి, మళ్ళీ ఏడుపు అందుకోవాలి. నటుడికి ఆ నోటు కావాలి, తప్పు పట్టను. మరునాడు రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు ఎక్కేవాడికి ఇంట్లో బియ్యం అదే. రాత్రి రాజుగా బతికి, పొద్దున్నే టిక్కెట్టు డబ్బులకు కాంట్రాక్టరు ముందు నిలబడ్డ నటుల సంగతి ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. చంద్రమతి వేసిన ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. స్థానం నరసింహారావు, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి మగవారు ఆడవేషంలో పొందిన గౌరవంలో సగం కూడా, నిజంగా ఆడదై పుట్టి ఆ వేషం కట్టినామెకు దక్కలేదు. పందిట్లో ఆమె కోసం ఏడ్చినవారే పందిరి దాటాక ఆమెను చులకనగా మాట్లాడారు.

1980లలో టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున్నే రామాయణం, ఆ తర్వాత భారతం. తిరునాళ్ళలో కుర్రకారు రికార్డింగ్ డాన్సు అడిగారు. నాటకం మొత్తం పోయి రెండు సీన్లు మిగిలాయి, వారణాసీ కాటీ. తర్వాత చాలాచోట్ల ఒక్క కాటి సీనే. 1998 నుంచి ప్రభుత్వం నంది నాటకోత్సవాలు నడిపింది. బహుమతులొచ్చాయి, పందిళ్ళు తిరిగి రాలేదు. హరిశ్చంద్ర పక్కనే అంతే జనాన్ని లాగిన కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చెప్పిన బాధ అబద్ధం కాదు. ఆ పాత్రను ఏళ్ళ తరబడి బూతుగా దిగజార్చింది కాళ్ళకూరి రాత కాదు, చప్పట్ల కోసం నటులు అతికించిన మాటలు. నాటకాన్ని దాని వాచకం నుంచి వేరు చేసినప్పుడు ఏమవుతుందో అక్కడా చూశాం.

హరిశ్చంద్ర నాటకానికి అసలు ముగింపు విషాదం కాదు. హరిశ్చంద్రుడు భార్య మీద కత్తి ఎత్తిన క్షణంలో విశ్వేశ్వరుడు ప్రత్యక్షమవుతాడు, బిడ్డ లేస్తాడు, విశ్వామిత్రుడు ఓడిపోయి రాజ్యం తిరిగిస్తాడు. కాని నేను మాట్లాడిన వృద్ధులలో ఆ ముగింపును గుర్తుపెట్టుకున్నవారు కనపడలేదు. కథగా అందరికీ తెలుసు, చూసినట్టు మాత్రం చెప్పరు. కాటి సీను సాగి సాగి తెల్లవారుతుంది. పాలు పిండాలి, గొడ్లకు నీళ్ళు పెట్టాలి. బండ్లు కదులుతుంటే దేవుడి వేషం గబగబా వచ్చి దీవించి పోతాడు. ఒక్కోచోట అదీ ఉండదు, హారతి ఇచ్చేసి తెర దించేస్తారు. వాళ్ళ జ్ఞాపకంలో ఆ రాజు ఇంకా కాటిలోనే ఉన్నాడు. గట్టిగా అడిగితే ఒక పెద్దావిడ, “ఆయనకి ఇచ్చారేమోగాని, మన్లాంటోళ్ళకి పోయింది తిరిగొచ్చిందేట్రా అబ్బాయ్?” అంది. పుస్తకంలో ముగింపు ఏదైనా, ఈ మెట్ట తన ముగింపు తానే రాసుకుంది.

ఇంక గొంతులు. డి.వి. సుబ్బారావు పాడిన వారణాసి, కాటి సీన్లు గ్రామఫోన్ రికార్డులయ్యాయి, తరవాత క్యాసెట్లయ్యాయి. టీ కొట్లలో, ట్రాక్టర్ల మీద, పెళ్ళి పందిళ్ళలో సైతం మోగాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఉన్నాయి. చావు జరిగిన ఇంటి ముందు షామియానా కింద మైకులో ఆ కాటి పద్యాలు వినబడటం మనకు కొత్త కాదు. నటుడి గొంతు దక్కింది, సంతోషించాలి. అయితే ఆ క్యాసెట్టులో ఒక సగం లేదు. పద్యం ఆఖరి పాదం ముగియగానే వేలమంది ఒక్కసారి విడిచిన ఊపిరి లేదు. పైట చెంగు నోట్లో కుక్కుకున్న ఆడవాళ్ళ వెక్కిళ్ళు లేవు. వన్స్‌మోర్ అన్న కేక లేదు. ఒక పద్యం నటుడు ఎగ్గొడితే కింద నుంచి పేరు పెట్టి అడిగి మరీ పాడించుకున్న శ్రోత లేడు. ఆ శ్రోతకు బడి లేదు, ఛందస్సు తెలియదు. నూరు పద్యాలు వరసన అప్పజెప్పగలడు. యతి తప్పితే, ఎందుకో చెప్పలేకపోయినా, తప్పిందని మాత్రం పసిగట్టేవాడు.

నటుల మీద అభినందన సంచికలు వచ్చాయి, శాలువాలు కప్పారు. శ్రోతల మాట ఎవరూ రాసిపెట్టలేదు. వీరులపాడులో, జుజ్జూరులో, నందిగామ చుట్టూ ఎనభై దాటినవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఏ పందిట్లో ఏ పద్యం ఎన్నిసార్లు పాడించారు, ఏ చంద్రమతి ఏడిస్తే ఊరు ఏడ్చింది, వెనక చీకట్లో నిలబడ్డప్పుడు వాళ్ళకు ఏం వినబడింది, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. బళ్ళలో తెలుగు చెప్పే మాస్టార్లు పిల్లలకు ఫోను ఇచ్చి, ఈ వేసవిలోనే వాళ్ళ దగ్గరికి పంపాలి. ముందు పద్యం పాడించుకోవాలి, తరవాత ఆ రాత్రి సంగతి అడగాలి. పద్యం నోట్లోకి వచ్చాక మిగతాదంతా వాళ్ళే చెబుతారు.