ఆనకట్ట ఎందుకు కట్టారు?

ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు ఒకరోజు, "కృష్ణ మీద ఆనకట్ట ఎప్పుడు పూర్తయింది?" అని అడిగారు. నేను లేచి "1855 అండి" అన్నాను. "ఎందుకు కట్టారు?" అన్నారు. "నీళ్ల కోసం అండి" అన్నాను. "పక్కనే నది పారుతుంటే నీళ్లకేం కరువొచ్చిందిరా?" అన్నారు. జవాబు రాక నిలబడిపోయాను. ఆ జవాబు నాకు దొరికింది బెజవాడలో, ఒక విజయదశమి నాడు.

1991లో ఇంజినీరింగ్ చదువుతున్న రోజులవి. దసరా సెలవుల్లో నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో రాత్రి బండెక్కి, తెల్లవారేసరికి బెజవాడలో దిగాను. ఆ ఊరు చూడటం అదే మొదలు. మా మావయ్య అక్కడ నీటిపారుదల శాఖలో లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం ఆయన పని. నా చేతిలో సంచి అందుకుంటూ, "ఏరా అల్లుడూ, అమ్మవారి లైన్లో నిలబడితే మధ్యాహ్నం దాటుతుంది. ముందు నా కాలువలు చూద్దువుగాని రా" అన్నారు.

ఊరంతా జనమే. ఇంద్రకీలాద్రి మెట్ల మీదా, కింద వీధుల్లోనూ ఎర్రబట్టల భవానీలు. కొబ్బరికాయలు, బొమ్మల అంగళ్లు, మైకులు. వాటి మధ్యనుంచి మావయ్య నన్ను ప్రకాశం బ్యారేజీ మీదకు నడిపించారు. 70 తలుపులు, 1,223 మీటర్ల పొడవు. 1952లో పాత ఆనకట్టకు గండి పడ్డాక దీన్ని కట్టి 1957లో పూర్తి చేశారు. కొండవైపు గట్టున మళ్లిన నీరు ఊళ్లోకొచ్చి బందరు, ఏలూరు, రైవస్ కాలువలుగా చీలుతుంది. సీతానగరం వైపు మళ్లినది గుంటూరు జిల్లా పొలాలకు పోతుంది. "నది పల్లంలో ఉంటుంది, పొలం మెరక మీద ఉంటుంది. నీటిని నిలబెట్టి కాస్త పైకి లేపితే తనంతట తనే పొలానికి నడిచి వెళ్తుంది. ఇంతేరా దీని కథ" అన్నారు మావయ్య. మాస్టారి ప్రశ్నకు సగం జవాబు అది.

మిగతా సగం తర్వాత పుస్తకాల్లో చదివాను. 1832-33లో వచ్చిన నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది చనిపోయారు. కృష్ణ పక్కనే పారుతుంటే ఆకలితో పోయారు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే కృష్ణ మీద పని మొదలైంది. కాటన్ దొర పట్టుపట్టి సాధించిన పని అది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. గాంధీ కొండకు పూర్వం ఆయన పేరే ఉండేది.

ఆ కాలువలు పొలాలకే కాదు, పడవలకు కూడా. రైలు రాకముందు అవే రహదారులు. కాకినాడలో పడవెక్కితే గోదావరి కాలువలు, ఏలూరు కాలువ మీదుగా బెజవాడ చేరి, అవతలి గట్టున కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోవచ్చు. తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా సరకు పడవలు తిరిగేవని మావయ్య చెప్పారు. నేను చూసేనాటికి ఒక్కటీ లేదు. వెనిస్‌లో కాలువలే వీధులు. కార్నివాల్ రోజుల్లో వేషాలు కట్టినవాళ్లు పడవల్లో కూడా వస్తారు. ఇక్కడేమో ఇళ్ల వాకిళ్లు రోడ్డువైపు, పెరళ్లు కాలువవైపు. పెరట్లో చెత్త ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా!

సాయంత్రం దర్శనమయ్యాక ఘాట్ దగ్గర నిలబడ్డాం. దీపాలతో హంసవాహనం కదిలింది. ఒడ్డున వేలమంది చేతులు జోడించారు. మావయ్య మాత్రం నీటిమట్టం చూస్తున్నారు. "తెప్ప సాఫీగా తిరగాలంటే పైన నీరు నిలకడగా ఉండాలిరా. మావాళ్లకి ఇవాళ పండగ లేదు" అన్నారు. అమ్మవారి తెప్ప కింద ఎంతమంది కాపలా ఉందో అప్పుడు అర్థమైంది.

మావయ్య ఇప్పుడు లేరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు, మా అత్తయ్య రెండు రోజులు డాబా మీదే ఉంది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అత్తయ్యను చివరికి పడవలో బయటకు తెచ్చారు. పడవలు మానేసిన ఊళ్లోకి పడవలు అలా తిరిగి వచ్చాయి. నీటి దారిని మనం మరిచిపోయినా నీరు మరిచిపోదు.

ముప్పై ఏళ్లుగా నేనూ కట్టడాల పనిలోనే ఉన్నాను. కట్టడం ఒకసారి చేసే పని. కాపాడటం ప్రతి ఏడూ చేయాల్సిన పని. మొదటిదానికి శిలాఫలకం ఉంటుంది, రెండోదానికి లస్కరు ఉంటాడు. మన ఊళ్లో వరాహ నది ఉంది, చెరువులున్నాయి, వాటిని కలిపే గెడ్డలున్నాయి. ఈ స్వర్ణోత్సవానికి వచ్చే మిత్రులకు నా మనవి ఒకటే. సభ ముగిశాక మన బడి పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక పూట చెరువు గట్టు మీద నడుద్దాం. తూము ఎక్కడుందో, మదుము ఎక్కడుందో, పొర్లిన నీరు ఎటు పోతుందో చూపిద్దాం. ఎప్పుడు తవ్వారని అడగవద్దు. ఎందుకు తవ్వారని అడుగుదాం. మా మాస్టారు ఉంటే అదే అడిగేవారు.