బొంబాయి కామాఠీలు – శరీర కొలతల పరిశోధన: కొన్ని చారిత్రక విషయాలు

తెలుగువాళ్ళు చాలాకాలం వస్తువులను ఒంటితోనే కొలిచారు. పూలదండకు మూర, చేదతాడుకు బార, బావి లోతుకు నిలువు, ఇంటి స్థలానికి అడుగు. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు 'బంగారం' సమర్పించే భక్తుడు తరాజులో కూర్చుంటాడు. అక్కడ తెలియవలసింది అతని బరువు కాదు, ఇవ్వవలసిన బెల్లం. ఒళ్ళు కొలబద్ద మాత్రమే. ఆ ఒంటినే కొలవవలసిన వస్తువుగా చూడటం 19వ శతాబ్దపు సంగతి. వ్యాయామ విద్య ఒక శాస్త్రంగా నిలదొక్కుకున్నది ఈ కొత్త చూపు ఆధారంగానే. ఒంటి బలం తప్ప వేరే పెట్టుబడి లేకుండా బొంబాయి చేరిన తెలుగువాళ్ళకు ఈ కొలతలు ఏ రూపంలో ఎదురయ్యాయో ఇక్కడ పరిశీలిస్తాము.

కామాఠీపుర అనగానే నేడు చాలామందికి మరో సంగతి గుర్తుకు వస్తుంది. ఆ పేటకు పేరు తెచ్చినవాళ్ళు మాత్రం తాపీపనివాళ్ళు, రాళ్ళు మోసే కూలీలు. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి, ద్వీపాల మధ్య పల్లపు నేలలు మెరకైన తరువాత నిజాం రాజ్యపు తెలంగాణ ప్రాంతాలనుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. నగరపు కట్టడాలకు రాయి, సున్నం మోసిన తలల్లో వీరివి ఎన్నో ఉన్నాయి. 1850లలో నూలు మిల్లులు మొదలైన తరువాత పద్మశాలీలూ తరలివచ్చారు. కామాఠీపురకు తోడు వర్లి, నాయ్‌గాఁవ్ చాళ్ళలోనూ తెలుగు మాట వినబడసాగింది.

శరీర కొలతల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా జిమ్నాజియంతో మొదలుపెడతారు. మా అభిప్రాయంలో మొదలుపెట్టవలసింది మిల్లుతో. ఇంగ్లండులో ఫ్యాక్టరీ చట్టం వచ్చిన 1833లోనే మాంచెస్టర్, స్టాక్‌పోర్టు పట్టణాలలో మిల్లు పిల్లల ఎత్తు, బరువు కొలిచి నమోదు చేశారు. పుట్టిన తేదీ కాగితం లేని పిల్లవాడి వయసు తేల్చడం అప్పటి పెద్ద చిక్కు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు పళ్ళను చూసి వయసు చెప్పవచ్చునని వాదిస్తూ ఒక పుస్తకం ప్రకటించాడు. బెల్జియం గణాంకవేత్త కెత్లే 1835లో 'సగటు మనిషి' అనే భావనను ప్రచారంలోకి తెచ్చాడు. నేడు వైద్యులు బి.ఎమ్.ఐ. అని చెప్పే లెక్క మూలంలో అతనిదే.

జిమ్నాజియం శాఖ తరువాతిది. అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ 1861 నుంచి విద్యార్థుల ఎత్తు, బరువు, ఛాతీ, చేతుల చుట్టుకొలతలు ఏటేటా తీయించాడు. 1879లో హార్వర్డ్‌లో చేరిన డడ్లీ సార్జెంట్ కొలతల సంఖ్యను ఎంతో పెంచి, ప్రతి విద్యార్థికీ ఒక పట్టిక తయారుచేసి, లోపమున్న అంగానికి తగిన కసరత్తు సూచించేవాడు. 1884లో లండన్ ప్రదర్శనలో గాల్టన్ పెట్టిన కొలతల శాలలో మూడేసి పెన్నీలు చెల్లించి 9337 మంది కొలిపించుకున్నారు. 1893 షికాగో ప్రదర్శనలో సార్జెంట్ తన అంకెలనుంచి మలిపించిన విద్యార్థీ విద్యార్థినుల ప్రతిమలు నిలబెట్టారు. కొలిచినది ఎవరిని? కాలేజీ ఫీజు కట్టగలిగినవాళ్ళను. వాళ్ళ సగటే ఆదర్శమయింది. ఇటుక మోసేవాడి భుజం ఆ పట్టికలో ఎక్కడ ఇముడుతుందని ఎవరూ అడగలేదు.

ఈ విద్య మన దేశానికి వచ్చిన తోవలు రెండు మూడున్నాయి. 1904-05లో యూజెన్ శాండో బొంబాయితో సహా మన నగరాలలో ప్రదర్శనలిచ్చాడు. అతని పుస్తకాలలోని కొలతల పట్టికలు చదువుకున్న యువకులకు టేపు పట్టడం నేర్పాయి. మన కోడి రామమూర్తి నాయుడు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, తరువాత సర్కసులో ఛాతీ విరిచి గొలుసులు తెంచి చూపాడు. అక్కడ ఛాతీ కొలత ఒక వింత, జనం టిక్కెట్టు కొని చూసే వింత. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. అతను చదివిన స్ప్రింగ్‌ఫీల్డ్ ఆమ్‌హర్స్ట్‌కు ఎంతో దూరం కాదు. బొంబాయి వైపు 1924లో లోనావాలాలో కువలయానంద స్వామి కైవల్యధామం నెలకొల్పి యోగాసనాలను ప్రయోగశాలలో పరీక్షకు పెట్టారు. 1938లో కాందివలీలో ప్రభుత్వ వ్యాయామ శిక్షణ సంస్థ ఏర్పడింది.

ఇదంతా బడికి వెళ్ళే పిల్లలకోసం. చాళ్ళలోని తెలుగు పిల్లలను మొదట పలకరించిన కొలత వేరు. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నది. 1891లో ఆ హద్దు తొమ్మిదికి, 1922లో పన్నెండుకు పెరిగింది. జనన పత్రం లేని చోట వయసు నిర్ణయించేవాడు సర్టిఫై చేసే డాక్టరు. పిల్లవాడి ఎదుగుదల చూసి పనికి పంపడమో, వెనక్కి పంపడమో చేసేవాడు. తిండి చాలక ఎదగని పిల్లవాడు చిన్నవాడుగా కనబడితే ఇంటికి కూలి రాదు, పెద్దవాడుగా కనబడితే అదనపు గంటలు. హార్వర్డ్ విద్యార్థికి కొలత తరువాత దొరికేది కసరత్తు. ఇక్కడ దొరికేది మగ్గాల హోరు.

మరో కొలత కులానిది. రిస్లీ ముక్కు పొడవు వెడల్పుల నిష్పత్తితో జాతులను వర్గీకరించబూనాడు. 1901లో మొదలైన జాతుల సర్వే బొంబాయి రాష్ట్రంలో ఎన్తోవెన్ చేతిమీదుగా నడిచింది, మద్రాసు వైపు థర్‌స్టన్ చేతిమీదుగా. ఆ కాలిపర్స్ ఏ ఒంటికీ బలం చేకూర్చడానికి ఉద్దేశించినవి కావు.

మూడవది తిండి లెక్క. బొంబాయి లేబర్ ఆఫీసు 1923లో ప్రకటించిన కార్మిక కుటుంబ బడ్జెట్ల నివేదికలో ఒక పోలిక ఉంది. కార్మికులు తినే ధాన్యం కరువు నిబంధనల గరిష్ఠ పరిమితికి సమానం, బొంబాయి జైలు మాన్యువల్ ఖైదీకిచ్చే దానికంటే తక్కువ అని. జైలులో ఖైదీని క్రమం తప్పకుండా తూస్తారు. చాళ్ళలో తూకం రేషను బియ్యానికే. మిల్లు కార్మికుడి ఆకలి ఎంతో చెప్పడానికి జైలు తూకంకంటే దగ్గరి కొలత సర్కారుకు దొరకలేదన్నమాట.

ఇక తాలీంఖానా గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. తెలంగాణ పల్లెనుంచి వచ్చినవాడికి ఎర్రమట్టి గోదా, వస్తాదు, దండీలు, బస్కీలు కొత్త కాదు. గిరణ్‌గాఁవ్ అని పిలిచే మిల్లుల ప్రాంతంలో అఖాడాలు మరాఠీ కార్మికులకూ సొంతమే. వస్తాదు టేపు పట్టడు. ఎన్ని దండీలు తీశావు, ఏ గుండు ఎంత ఎత్తుకు లేపావు, ఎంతసేపు ఊపిరి పట్టావు అని అడుగుతాడు. కుస్తీకి జోడు కుదర్చవలసి వస్తే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి కళ్ళతోనే తూస్తాడు. చుట్టుకొలత కాదు, చేయగలిగిన పని లెక్క. అమెరికాలోనూ పరిశోధకులు క్రమంగా ఇటే మళ్ళారు. సార్జెంట్ తానే బలపరీక్షలవైపు తిరిగి, 1921లో నిలబడి పైకెగిరే ఎత్తును కొలమానంగా ప్రతిపాదించాడు. 1925లో రోజర్స్ శారీరక దక్షతా సూచిక వెలువడింది. వస్తాదుకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అతను ఆశ్చర్యపోయేవాడూ కాదు. అయితే వస్తాదు లెక్క నోటిమాట. కాగితం మీద పడలేదు కనుక పరిశోధన అనిపించుకోలేదు.

కామాఠీపురను ఆనుకునే నాగ్‌పాడా ఉంది. 1920లలో అక్కడ క్లిఫర్డ్ మాన్షార్ట్ నడిపిన నైబర్‌హుడ్ హౌస్‌లోనే 1936లో టాటా సాంఘికసేవా విద్యాలయం ఆరంభమయింది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. పేదవాడి ఒంటిని అతని కూలితో, గదితో కలిపి చూడాలనే చదువు ఈ నగరంలో కామాఠీల గడప పక్కనే పుట్టింది.

గది మాటకు వస్తే, తెలుగు కుటుంబాలు ఎన్నో కాపురమున్న బి.డి.డి. చాళ్ళు 1920లలో కట్టినవి. ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు. రాత్రి అందరూ పడుకున్నాక చేతులు చాచి ఒక్క దండీ తీయడానికి అందులో చోటుండదు. పిల్లలు వరండాలోనో, తాలీంలోనో ఒళ్ళు విరుచుకునేవారు.