పట్టుచీరల కింద పుస్తకం

మొన్న బీరువా సర్దుతుంటే పట్టుచీరల కింద ఉన్న పుస్తకం మా అమ్మాయి చేతికి చిక్కింది. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం'. "దీన్ని ఇక్కడెందుకు దాచావమ్మా?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. దాచింది నేనే మరి!

బి.ఏ.లో తంజావూరు సాహిత్యం చెప్పినప్పుడు ఈవిడ పేరు విన్నాను. పద్యం మాత్రం ఒక్కటీ చెప్పలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న విదుషి. తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసిన రాధ, తర్వాత ఆయన తనకు దూరమయ్యాడని కుమిలిపోతుంది, మండిపడుతుంది. ఆయన వచ్చి ఆ అలక తీరుస్తాడు. ఇదీ కథ. శృంగారం ఉంది, దాపరికం లేకుండానే ఉంది. మన ప్రబంధాల్లో అది లేనిదెక్కడ? ఇక్కడ తేడా ఏమిటంటే, రాసింది ఆడది. కోరికను నోరు తెరిచి చెప్పేదీ ఆడదే.

కందుకూరి వీరేశలింగం గారు 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ఆమె పాండిత్యాన్ని మెచ్చుకుంటూనే, ఆడదాని నోట రాకూడని మాటలు రాసిందని ఏవగించుకున్నారు. వితంతువుల కోసం ఊరంతటితో పోరాడిన మనిషే!

బెంగళూరు నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన ఆవిడే ఈవిడ. అంతకుముందు అచ్చయిన ప్రతిలో చాలా పద్యాలు ఎగిరిపోయాయి. కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక కూడా లేదు. (అందులో అశ్లీలం ఏముందట?) రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించారు. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని వీరేశలింగం గారినే నిలదీశారు. మరుసటి ఏడే పోలీసులు వచ్చి ప్రతులు పట్టుకుపోయారు.

ఆ నిషేధం తొలగింది టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినప్పుడు. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ వేశారు. నాగరత్నమ్మ గారు పోయిందీ ఆ ఏడాదే.

ఇదంతా విని మా అమ్మాయి, "అయితే పోలీసులు వదిలేశాక నువ్వు పట్టుకున్నావన్నమాట" అంది. పుస్తకం తీసుకెళ్ళి హాల్లో షెల్ఫులో, భాగవతం పక్కన పెట్టింది. వచ్చే వారం పండక్కి అత్తయ్యగారు వస్తున్నారు. ఇప్పటికి రెండుసార్లు దాని మీద చెయ్యి వేసి, మళ్ళీ అక్కడే వదిలేశాను.