దుంప కోసం వేసిన పూలతోట



మంచి బీరకాయ కనపడితే కూరకు కోయకుండా, విత్తనానికని తీగ మీదే ఎండనిస్తాం కదా! ఒక పూలపంట చరిత్రంతా ఆ ఒడుపులోనే ఉంది. ఆ పువ్వు రానంక్యులస్. బటర్‌కప్ జాతిది, పుట్టిల్లు పశ్చిమాసియా, మధ్యధరా తీరం.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ ప్రాంతానికి 1920లలో లూథర్ గేజ్ దీన్ని తెచ్చాడు. 1933లో ఫ్రాంక్ ఫ్రేజీ అనే రైతు సాగు మొదలుపెట్టాడు. అప్పుడవి ఎక్కువగా ఎరుపు, పసుపు ఒంటిరెక్క పూలే. ఆయన కొడుకు ఎడ్విన్ పొలమంతా గాలించి, రెక్కలు నిండుగా ఉన్నవీ, కొత్త రంగువీ ఏరి, వాటి గింజలే మళ్ళీ చల్లేవాడు. ఏళ్ళ తరబడి అలా చేయగా, ఒంటిరెక్క పువ్వు కాస్తా ముద్దమందారంలా తయారైంది!

విచిత్రమేమిటంటే, అక్కడ అసలు సరుకు పువ్వు కాదు, మట్టిలోని దుంప. దారినపోయేవాళ్ళు ఆగి చూడబట్టి పువ్వుకూ విలువొచ్చింది. ఎడ్విన్ విశ్రాంతి కోరుకున్నా, 1990లలో ఆ తోట ఇళ్ళస్థలాలు కాకుండా సుమారు 50 ఎకరాలు నిలిచిందంటే, ఆ చూపరుల చలవే. ఇప్పుడక్కడ టిక్కెట్టు కొని మరీ చూస్తున్నారు.

ఈసారి మీ పెరట్లో నిండైన నాటుబంతి పూస్తే, ఒకటి దేవుడికి పెట్టండి, ఒకటి విత్తనానికి ఉంచండి.